మనస్తత్వశాస్త్రం ఎలా మొదలుపెట్టాలి: ఒక నోటుపుస్తకం, నెల రోజులు

మనస్తత్వశాస్త్రం కొత్తగా చదివేవారిలో చాలామంది నిర్వచనాల దగ్గరే అలసిపోతారు. స్మృతి అంటే ఏమిటి, అభ్యసనం అంటే ఏమిటి, పునర్బలనం ఎన్ని రకాలు అని వల్లె వేస్తారు. పరీక్ష అయిన వారానికి అంతా మరచిపోతారు. నేనూ మొదట అలాగే చదివాను. తర్వాత కొత్తవారికి ఈ పాఠాలు చెప్పాల్సి వచ్చినప్పుడు, ప్రతి భావననూ వాళ్ల మీద వాళ్లే పరీక్షించుకునేలా చేస్తే ఎంత తేడా వస్తుందో కళ్లారా చూశాను. అందుకు కావలసినవి ఒక నోటుపుస్తకం, ఒక కలం, రోజుకు ఇరవై నిమిషాలు. నెల రోజులు కేటాయించండి. కింద చెప్పిన వరుసలోనే వెళ్లండి, ఎందుకంటే ముందు పనిలో అలవడిన చూపు తర్వాతి పనికి అవసరమవుతుంది.

మొదటి పని: చూసినది ఒకవైపు, అనుకున్నది మరోవైపు

నోటుపుస్తకంలో ప్రతి పేజీకీ నిలువుగా మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ‘చూసినది’, కుడివైపు ‘అనుకున్నది’ అని రాయండి. రోజూ మనుషుల మధ్య జరిగిన ఒక చిన్న సంఘటన తీసుకోండి. ‘అతను నా మీద కోపంగా ఉన్నాడు’ అనే వాక్యం ఎడమవైపు రాయబోతారు. ఆగండి. మీరు కోపాన్ని చూడలేదు. పలకరించినప్పుడు అతను తల ఎత్తకపోవడం చూశారు, తలుపు గట్టిగా మూసిన చప్పుడు విన్నారు. అవి ఎడమవైపుకు వెళ్లాలి. కోపం అన్నది కుడివైపుకు వెళ్లాలి. దాని కింద ఇంకో రెండు కారణాలు కూడా రాయండి: ఏదో ఆలోచనలో ఉండి వినలేదేమో, గాలికి తలుపు విసురుగా పడిందేమో.

మొదటి మూడు రోజులు ఇది చాలా చిరాకుగా ఉంటుంది. మన భాషే ఈ రెండింటినీ కలిపేస్తుంది. ‘నిర్లక్ష్యంగా చూశాడు’ అన్న రెండు మాటల్లో ఒకటి చూసినది, మరొకటి మనం చేర్చినది. వాటిని విడదీయడం చేతనైతే ఈ శాస్త్రంలో సగం దారి నడిచినట్టేనని నేను నమ్ముతాను.

ఈ శాస్త్రం పుట్టి పెరిగినదీ ఈ గీత చుట్టూనే. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ ఊంట్ నెలకొల్పిన ప్రయోగశాలను మనస్తత్వశాస్త్రానికి మొదటి ప్రయోగశాలగా చెబుతారు. అక్కడ శిక్షణ పొందినవారు తమ అనుభవాన్ని తామే గమనించి చెప్పేవారు. దాన్ని అంతఃపరిశీలన అంటారు. చిక్కు ఏమిటంటే, ఇద్దరు వేర్వేరుగా చెబితే ఎవరిది నిజమో తేల్చే దారి లేదు. 1913లో అమెరికాలో జాన్ వాట్సన్ ఆ కుడివైపు గడిని పూర్తిగా కొట్టేయమన్నాడు. కంటికి కనిపించే ప్రవర్తన ఒక్కటే శాస్త్రానికి పనికివస్తుందన్నాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు ఆలోచన, జ్ఞాపకం వంటివి మళ్లీ శాస్త్రంలోకి వచ్చాయి. అయితే ఈసారి వాటిని ఎడమవైపు ఆధారాలతో, అంటే జవాబివ్వడానికి పట్టిన సమయంతో, చేసిన తప్పులతో కొలవడం నేర్చుకున్నారు. మనస్తత్వశాస్త్రం అంటే ప్రవర్తననూ మానసిక ప్రక్రియలనూ శాస్త్రీయంగా అధ్యయనం చేయడం అని పుస్తకాల్లో ఉండే నిర్వచనం వెనుక ఇంత చరిత్ర ఉంది.

రెండో పని: కంటిని పరీక్షించండి

‘చూసినది’ గడిని పూర్తిగా నమ్మవచ్చా? తెల్ల కాగితం మీద ఎడమవైపు ఒక చిన్న కూడిక గుర్తు, దానికి కుడివైపు ఎనిమిది సెంటీమీటర్ల దూరంలో ఒక నల్ల చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో కూడిక గుర్తునే చూస్తూ ఉండండి. కాగితాన్ని చేయి చాపినంత దూరం నుంచి మెల్లగా దగ్గరకు తీసుకురండి. సుమారు ముప్పై సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. మాయం కాకపోతే మీ చూపు చుక్క మీదికి జారిందన్నమాట, మళ్లీ చేయండి.

కంటి వెనుక దృష్టినాడి బయటికి వెళ్లే చోట కాంతిని గ్రహించే కణాలు లేవు. దాన్ని అంధచుక్క అంటారు. అసలు గమనించవలసినది మరొకటి: చుక్క పోయిన చోట మీకు నల్లటి రంధ్రం కనిపించలేదు, తెల్ల కాగితమే కనిపించింది. ఆ తెలుపును అక్కడ నింపింది మీ మెదడు. కన్ను అందించే ముడిసమాచారం సంవేదన. దాన్ని మెదడు అర్థంగా మలచడం ప్రత్యక్షం. ఈ రెండు మాటల తేడా ఇక మీరు మరచిపోరు.

అవధానం, అంటే ఒకదాని మీద దృష్టి నిలపడం, దాని సంగతి కూడా ఇక్కడే చూడండి. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రీ ఒక ప్రయోగం ప్రచురించారు. బంతి విసురుకునే ఆటగాళ్ల వీడియో చూపించి, ఒక జట్టు ఎన్నిసార్లు బంతి అందించుకుందో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నడుచుకుంటూ వెళితే చూసినవారిలో దాదాపు సగం మంది గమనించనే లేదు. వాళ్ల కళ్లు తెరిచే ఉన్నాయి. కాబట్టి నోటుపుస్తకంలో ప్రతి సంఘటన కింద ‘ఆ సమయంలో నేను దేని మీద దృష్టి పెట్టాను?’ అని ఒక వరుస చేర్చండి.

మూడో పని: మరచిపోవడాన్ని కొలవండి

ఈ పనికి వారం పడుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే, అందుకే తొందరపడవద్దని అడుగుతున్నాను.

హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు జ్ఞాపకాన్ని కొలవడానికి తనను తానే ప్రయోగానికి పెట్టుకున్నాడు. అర్థమున్న మాటలైతే పాత జ్ఞాపకాలు సాయం చేస్తాయి కనుక అర్థంలేని అక్షరాల గుంపులు తయారుచేసుకుని, జాబితాలు జాబితాలుగా కంఠస్థం చేశాడు. ఫలితాలను 1885లో ప్రచురించాడు. మీరూ అదే చేయండి. ‘ఝెము, కౌణి, పిఖో, టూబె’ వంటివి పన్నెండు రాసుకోండి. ఏదైనా అర్థమున్న మాట వస్తే తీసేయండి. జాబితాను ఒకే వేగంతో పైకి చదవండి, తర్వాత చూడకుండా చెప్పడానికి ప్రయత్నించండి. వరుస తప్పకుండా మొత్తం చెప్పగలిగేదాకా ఎన్నిసార్లు చదివారో లెక్క రాయండి. పదిహేనుసార్లు పట్టిందనుకుందాం.

మర్నాడు అదే వేళకు, ముందుగా చూడకుండా చెప్పి చూడండి. బహుశా రెండో మూడో గుర్తుంటాయి. నిరాశపడకుండా అదే జాబితాను మళ్లీ నేర్చుకుని ఎన్నిసార్లు పట్టిందో లెక్కపెట్టండి. పదిసార్లకే వచ్చిందనుకోండి, పదిహేనింటిలో అయిదు మిగిలాయి. అంటే మూడింట ఒక వంతు ఆదా అయింది. దీన్ని పొదుపు పద్ధతి అంటారు. ఎబ్బింగ్‌హాస్ లెక్కల్లో ఇరవై నిమిషాల తర్వాత సుమారు 58 శాతం, గంట తర్వాత 44 శాతం, ఒక రోజు తర్వాత 34 శాతం, 31 రోజుల తర్వాత 21 శాతం ఆదా కనిపించింది. మొదటి గంటలో నిట్టనిలువుగా పడిపోయిన గీత తర్వాత దాదాపు చదునుగా సాగుతుంది. దాన్నే విస్మృతి వక్రరేఖ అంటారు.

ఈ ప్రయోగంలోని గొప్పతనం ‘పూర్తిగా మరచిపోయాను’ అన్న మాటను ఇది ప్రశ్నించడంలో ఉంది. నోటికి ఒక్కటీ రాకపోయినా, మళ్లీ నేర్చుకోవడానికి తక్కువ శ్రమ పట్టిందంటే లోపల ఏదో మిగిలే ఉంది. ఇక్కడే స్మృతిలోని మూడు దశలు అర్థమవుతాయి: సమాచారాన్ని లోపలికి తీసుకోవడం, నిల్వ ఉంచడం, మళ్లీ బయటికి తేవడం. మనం మరచిపోవడం అని పిలిచేది చాలాసార్లు మూడో దశలో కలిగే ఆటంకమే.

ఇంకొక అడుగు వేయండి. ఒకే నిడివి ఉన్న రెండు పాఠ్యభాగాలు తీసుకోండి. మొదటిదాన్ని నాలుగుసార్లు చదవండి. రెండోదాన్ని ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది మూడుసార్లు కాగితం మీద రాయండి. వారం తర్వాత రెండింటినీ రాసి చూసుకోండి. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే ఇలాంటి పోలికే చేశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీమళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తర్వాత ఆ స్థానాలు తారుమారయ్యాయి, గుర్తుచేసుకుని రాసినవారికే ఎక్కువ జ్ఞాపకం ఉంది. తమాషా ఏమిటంటే, తమకు బాగా గుర్తుంటుందన్న నమ్మకం చదివినవారికే ఎక్కువగా ఉంది. చదువుతున్నప్పుడు కలిగే ‘తెలిసిపోయింది’ అన్న హాయిని నమ్మకండి. పుస్తకం మూసి రాయండి.

జ్ఞాపకంలో రకాలు ఉన్నాయన్నది మరో ముఖ్యమైన పాఠం. 1953లో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛవ్యాధి తగ్గించడానికి మెదడుకు శస్త్రచికిత్స చేశారు. మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగంలో చాలావరకు తొలగించారు. ఆ తర్వాత అతనికి కొత్త సంఘటనలు గుర్తుండడం ఆగిపోయింది. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ చుట్టూ గీత గీయడం మనస్తత్వ పరిశోధకురాలు బ్రెండా మిల్నర్ అతనికి నేర్పింది. రోజురోజుకూ అతని చేయి మెరుగైంది. కానీ ప్రతి రోజూ ఆ పని మొదటిసారి చేస్తున్నాననే అనుకున్నాడు. సంఘటనల జ్ఞాపకం, నైపుణ్యాల జ్ఞాపకం వేర్వేరని తెలిసింది ఇలాంటి ఆధారాలతోనే. మెదడు పాఠంలోని పేర్లన్నీ మొదటి నెలలో బట్టీ పట్టనక్కరలేదు. దానిలో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని, మనం అందులో పది శాతమే వాడతామన్న ప్రచారం అబద్ధమని తెలిస్తే ప్రస్తుతానికి చాలు.

నాలుగో పని: ఒక అలవాటును విడదీయండి

అనుభవం వల్ల ఒక స్పందన అలవాటుగా స్థిరపడడాన్ని నిబంధనం అంటారు. ఆ పాఠంలో అందరూ తడబడతారు. రెండు ప్రశ్నలు దగ్గర పెట్టుకోండి. ఆ స్పందన దానంతట అదే వచ్చిందా, లేక చేసిన పని తర్వాత వచ్చిన ఫలితం వల్ల స్థిరపడిందా?

రష్యాలో ఇవాన్ పావ్‌లోవ్ కుక్కల జీర్ణక్రియను పరిశోధిస్తూ, ఆహారం నోటికి అందకముందే వాటికి లాలాజలం ఊరడం గమనించాడు. మెట్రోనోమ్ (లయ తప్పకుండా టిక్ టిక్ మనే పరికరం) చప్పుడు వంటి ఏదో ఒక ఉద్దీపనను ఆహారానికి ముందు పదేపదే జతచేస్తే, చివరికి ఆ చప్పుడుకే లాలాజలం ఊరింది. ఇది శాస్త్రీయ నిబంధనం. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను పెట్టెల్లో ఉంచి, బయటికి వచ్చే ఉపాయం అవి ఎలా పట్టుకుంటాయో గమనించాడు. మంచి ఫలితమిచ్చిన పని మళ్లీమళ్లీ జరుగుతుందని తేల్చాడు. ఆ దారిలో బి.ఎఫ్. స్కిన్నర్ ముందుకు సాగి విస్తరించినది కార్యసాధక నిబంధనం.

ఇప్పుడు మీ ఫోను మోగినప్పుడు ఏం జరుగుతుందో గమనించండి. చప్పుడు వినగానే లోపల కలిగే చిన్న ఉలికిపాటు మొదటి రకం. చేయి చాచి ఫోను తీయడం రెండో రకం, ఎందుకంటే ఇంతకుముందు తీసినప్పుడు అప్పుడప్పుడూ మనసుకు నచ్చిన కబురు దొరికింది. ఈ ‘అప్పుడప్పుడూ’ అన్నదే కీలకం. ప్రతిసారీ దొరికే ఫలితం కంటే ఎప్పుడు దొరుకుతుందో తెలియని ఫలితం అలవాటును గట్టిగా నిలుపుతుందని స్కిన్నర్ ప్రయోగాలు చూపించాయి. రోజుకు ఎన్నిసార్లు ఏ చప్పుడూ లేకుండానే ఫోను తీశారో ఒక రోజంతా గీతలు పెట్టి లెక్కించండి. ఆ అంకె ఎడమవైపు గడిలోకి వెళ్తుంది.

ఇక రుణాత్మక పునర్బలనం. దాన్ని శిక్ష అనుకోవడం ఈ పాఠంలో అందరూ చేసే తప్పు. ముందుగా ఆ ప్రవర్తన పెరిగిందా తగ్గిందా అని అడగండి. పెరిగితే పునర్బలనం, తగ్గితే శిక్ష. ఆ తర్వాత ఏదైనా చేరిందా పోయిందా అని అడగండి. చేరితే ధనాత్మకం, పోతే రుణాత్మకం. ఈ వరుస తప్పకుండా అడిగితే తికమక రాదు. ఏడుస్తున్న పిల్లవాడికి ఫోను ఇచ్చిన తండ్రిని తీసుకోండి. పిల్లవాడికి ఫోను దొరికింది, రేపు మళ్లీ ఏడుస్తాడు. ఇది ధనాత్మక పునర్బలనం. తండ్రికి ఏడుపు గోల పోయింది, రేపు మళ్లీ ఫోను ఇస్తాడు. ఇది రుణాత్మక పునర్బలనం. ఇద్దరూ ఒకరికొకరు నేర్పుకుంటున్నారు, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. మీ ఇంట్లోనో పనిచేసే చోటనో ఇలాంటి జంట ఒకటి వెతికి నోటుపుస్తకంలో రాయండి. దొరక్కపోదు.

అయిదో పని: నాణెం ఎగరేసి ఒక ప్రయోగం చేయండి

పిల్లల్లో చెప్పుల కొలత పెద్దదైనకొద్దీ చదివే సామర్థ్యం ఎక్కువగా ఉంటుంది. నిజమే. పాదం పెరిగితే చదువు రాదు. వయసు రెండింటినీ పెంచుతోంది. రెండు విషయాలు కలిసి మారడం సహసంబంధం. ఒకటి మరొకదాన్ని మార్చడం కార్యకారణ సంబంధం. రెండోదాన్ని చూపించాలంటే ప్రయోగం కావాలి.

ఫోను పక్కన ఉంటే చదువు సాగదు అన్నది మీ పరికల్పన, అంటే మీరు పరీక్షించబోయే ఊహ అనుకుందాం. పద్నాలుగు రోజులు, చదవడానికి కూర్చునే ముందు నాణెం ఎగరేయండి. బొమ్మ పడితే ఫోను వేరే గదిలో పెట్టండి, బొరుసు పడితే బల్ల మీద పెట్టండి. మీ ఇష్టానికి వదిలేస్తే మనసు బాగున్న రోజుల్లోనే ఫోను దూరం పెడతారు. అప్పుడు ఫలితం ఫోనుదో మనసుదో తేలదు. నాణెం ఆ చిక్కు తీరుస్తుంది. మీరు మార్చేది, అంటే ఫోను ఉన్న చోటు, స్వతంత్ర చరం. మీరు కొలిచేది పరతంత్ర చరం. ‘ఏకాగ్రత’ అని రాస్తే కొలవలేరు కాబట్టి, ‘అరగంట చదివాక చూడకుండా రాయగలిగిన అంశాల సంఖ్య’ అని ఖచ్చితంగా నిర్వచించండి. సమయం, చోటు, పుస్తకం మాత్రం మార్చకండి. ఫలితం ఎలా రావాలో మీకు ముందే తెలుసు కాబట్టి మీ ఆశ కూడా అంకెల్లోకి చొరబడుతుంది. పరిశోధకులు వీలైన చోట పాల్గొనేవారికి పరికల్పన చెప్పకపోవడానికి కారణం ఇదే.

ఆరో పని: మనిషిని తూచే ముందు పరిస్థితిని రాయండి

ఇప్పటికి మీ నోటుపుస్తకంలో చాలా సంఘటనలు చేరి ఉంటాయి. కుడివైపు గడి మొత్తం తిరగేయండి. ఇతరుల ప్రవర్తనకు ఎన్నిసార్లు వాళ్ల స్వభావాన్ని కారణంగా రాశారో, ఎన్నిసార్లు పరిస్థితిని రాశారో లెక్కపెట్టండి. తర్వాత మీ సొంత పొరపాట్లకు రాసుకున్న కారణాలు లెక్కపెట్టండి. ‘అతను ఆలస్యంగా వచ్చాడు, బాధ్యత లేదు. నేను ఆలస్యంగా వచ్చాను, బస్సు దొరకలేదు.’ ఈ తేడా దాదాపు ప్రతి ఒక్కరి నోటుపుస్తకంలోనూ బయటపడుతుంది.

1967లో ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హారిస్ చేసిన ప్రయోగంలో కొందరికి క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోను సమర్థించే, వ్యతిరేకించే వ్యాసాలు చదవమని ఇచ్చారు. ఏ పక్షం రాయాలో రచయితకు ముందే నిర్ణయించి ఇచ్చారని స్పష్టంగా చెప్పినా, చదివినవారు ఆ అభిప్రాయం కొంతవరకు రచయిత సొంతదే అనుకున్నారు. పరిస్థితి బలాన్ని తక్కువగా, స్వభావాన్ని ఎక్కువగా లెక్కించే ఈ పొరపాటుకు 1977లో లీ రాస్ మౌలిక ఆపాదన దోషం అని పేరు పెట్టాడు. ఈ పని వల్ల ఒక మనిషి గురించి మీకున్న అభిప్రాయం మారవచ్చు, మారకపోవచ్చు. అతని పరిస్థితి గురించి మూడు వాక్యాలు రాయకుండా మాత్రం ఆ అభిప్రాయాన్ని ఎవరికీ చెప్పకండి.

ఏడో పని: మీ గురించి చెప్పిన మాటలను అనుమానించండి

మూర్తిమత్వం, అంటే వ్యక్తిత్వం, అనే పాఠానికి వచ్చాక పరీక్షలు, వర్గాలు, పేర్లు ఊరిస్తాయి. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు ఒక మూర్తిమత్వ పరీక్ష పెట్టి, ఎవరి విశ్లేషణ వారిదేనని చెప్పి ఇచ్చాడు. అది తమకు ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. నిజానికి అందరికీ ఇచ్చినది ఒకటే కాగితం, అందులోని వాక్యాలు జ్యోతిషం పుస్తకం నుంచి తీసినవి. ‘బయటికి ధైర్యంగా కనిపిస్తారు, లోపల కొన్ని సందేహాలు ఉంటాయి’ వంటి వాక్యం ఎవరికి సరిపోదు? మీ గురించి ఎవరైనా ఏదైనా చెప్పినప్పుడు, అదే వాక్యం పక్కవారి పేరు పెట్టి చదవండి. వారికీ సరిపోతే అది మీ గురించి ఏమీ చెప్పలేదన్నమాట.

పరిశోధనలనూ ఇలాగే చూడాలి. 2015లో పరిశోధకుల బృందం ఒకటి మనస్తత్వశాస్త్ర పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, సుమారు 36 శాతంలోనే గణాంకపరంగా గట్టి ఫలితం మళ్లీ వచ్చింది. ఇది తెలిసి కొందరు ఈ శాస్త్రం మీద నమ్మకం వదులుకుంటారు. నాకు మాత్రం గౌరవం పెరిగింది, ఎందుకంటే తప్పును వెతికి బయట పెట్టినది ఈ శాస్త్రంలో పనిచేసేవారే. ఏ అధ్యయనం గురించి విన్నా ఎంతమంది మీద చేశారు, పోల్చడానికి మరో బృందం ఉందా, వేరేవారు మళ్లీ చేసి చూశారా అని అడగండి.

ఈ నెలలో చేయకూడని పని

నాలుగు పాఠాలు చదవగానే స్నేహితుల్లో, ఇంట్లోవారిలో రుగ్మతలు కనిపించడం మొదలవుతుంది. ఒకరికి రెండు రోజులు దిగులుగా ఉంటే కుంగుబాటు అని, ఒకరు బల్ల శుభ్రంగా ఉంచుకుంటే మరో పేరు అని అనాలనిపిస్తుంది. అనకండి. రుగ్మత అని నిర్ధారించడానికి లక్షణాలు ఉంటే చాలదు. అవి ఎంతకాలంగా ఉన్నాయి, రోజువారీ జీవితాన్ని ఎంత దెబ్బతీస్తున్నాయి, వేరే శారీరక కారణం ఉందా అన్నవన్నీ శిక్షణ పొందినవారు చూడాలి. మందులు రాయగల వైద్యులు సైకియాట్రిస్టులు. పరీక్షలు, మాటలతో చేసే చికిత్సలు చూసేవారు క్లినికల్ సైకాలజిస్టులు. మీకో మీ దగ్గరివారికో నిద్ర, తిండి, పని వారాల తరబడి దెబ్బతింటే, ప్రాణం మీద విరక్తి మాటలు వినిపిస్తే, ఈ నోటుపుస్తకం పక్కన పెట్టి వెంటనే ఈ నిపుణుల దగ్గరకు వెళ్లండి. విరక్తి మాటలు అన్నది దగ్గరివారైతే, వారిని ఒంటరిగా వదలకండి. వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు మీ ఎడమవైపు గడిలో రాసినవే చెప్పండి: ఎన్ని గంటలు నిద్రపోయారు, ఎన్ని పూటలు తినలేదు, ఏ మాట అన్నారు, ఏ రోజు నుంచి. కుడివైపు గడిని వైద్యుడికి వదిలేయండి.